చుక్కగేదెకు చుట్టాల సాసర్లు

నా చిన్నప్పుడు ఒక వేసవిలో, మా ఊరి పాలతో చేసిన కోవాకు ఉప్పు రుచి వచ్చింది. కోవా అంటే తియ్యగా ఉండేదని తప్ప దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఆ వేసవిలో మాత్రం మా వీధిలో పెద్దవాళ్లు కలిస్తే అదే మాట. ఒక మనిషి మీద నింద పడింది, ఆమె గేదె అమ్మకానికి వచ్చింది. అన్నిటికీ కారణం నాలుక చివర తగిలీ తగలనంత ఉప్పు.

మాది దివిసీమలో ఒక చిన్న ఊరు. మోపిదేవికి సైకిల్ మీద పొద్దున వెళ్లి ఎండెక్కకముందే తిరిగి రావచ్చు. మోపిదేవిలో గుడికి వచ్చే యాత్రికులకు పాలకోవా చేసి అమ్మే ఒకాయన ఉండేవాడు. రోజూ తెల్లవారగానే సైకిల్‌కు క్యాను తగిలించుకుని మా ఊరి కాలవ వంతెన దగ్గరికి వచ్చేవాడు. ఊరంతా ఆయనను కోవా మావయ్య అనేవాళ్లం. మా వీధిలో మూడిళ్ల పాలు ఆయన క్యానులోకి వెళ్లేవి: మా ఇంటివి, ఎదురింటి తాతగారివి, పక్కింటి అక్కవి. తలా ఒక గేదె. మూడింటిలోకీ మాదే పెద్దది. నుదుటి మీద తెల్లటి చుక్క ఉండేది కాబట్టి చుక్కగేదె అని పిలిచేవాళ్లం. క్యానులో దాదాపు సగం దాని పాలే.

మా నాయనమ్మకు ఆ గేదె అంటే ఎంత గర్వమో చెప్పలేను. దానికి స్నానం చేయించాక కొమ్ములకు నూనె రాసేది, దిష్టి తగలకుండా మెడలో నల్లతాడు కట్టేది. కోవా మావయ్య మా గిన్నె మూత తీసి, "మీ పాలు పోస్తే చాలండీ, కోవా దానంతటదే ముద్దవుతుంది" అంటే ఆ పూటంతా ఆమె నడక మారిపోయేది.

పక్కింటి అక్క మాకు చుట్టమేమీ కాదు. అయినా నాయనమ్మను అత్తా అని పిలిచేది, నన్ను చెల్లీ అనేది. ఆమె భర్త చేపల పడవల మీద పనికి వెళ్లి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. చంకలో పిల్లవాడు, పాకలో గేదె, ఇవే ఆమె సంసారం. సముద్రం వైపున వీధిలో ఆఖరి ఇల్లు ఆమెది. మా బావికీ ఆమె బోరుకూ మధ్య పెద్ద దూరం లేదు గానీ, మా బావి నీళ్లు మంచివి, ఆమె బోరు నీళ్లు ఉప్పన. మా నేల అలాంటిది. ఒకే దొడ్డిలో ఒక మూల తవ్వితే మంచినీళ్లు పడతాయి, ఇంకో మూల తవ్వితే సముద్రం పలకరిస్తుంది. అక్క రోజూ తాగే నీళ్లకు మా బావికే వచ్చేది.

కోవాలో ఉప్పు సంగతి ముందు కోవా మావయ్యకే తెలిసింది. పాలు పచ్చిగా తాగితే ఏమీ తెలియదు. కాచినా తెలియదు. వాటిని కళాయిలో పోసి గంటలకొద్దీ కలుపుతూ ఇగరబెడితే పాలలో ఉన్నదంతా దగ్గరపడుతుంది, దాంతోపాటు ఉప్పు కూడా. ఒకటి రెండు సార్లు పాలు విరిగాయి కూడా. పొయ్యి మంట ఎక్కువైందేమో అనుకున్నాడట. కానీ కోవా కొనుక్కున్న యాత్రికులు పొట్లం తిరిగి తెచ్చి, "ఏవండీ, దీంట్లో ఉప్పు వేశారా?" అని అడిగేసరికి ఆయనకు తల తిరిగిపోయింది.

దివిసీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఉప్పు అనగానే నీళ్లే గుర్తొస్తాయి. వేసవిలో కాలవలు కట్టేశాక మా మాటలన్నీ ఉప్పు నీళ్ల గురించే. ఏ బోరు ఉప్పెక్కింది, ఏ బావి ఇంకా నిలిచింది, ఏ పొలం చవిటిబారింది. కాబట్టి కోవా ఉప్పగా ఉందని వినగానే మా వీధివాళ్లు ఇంకో ఆలోచన చేయలేదు. పాలలో ఎవరో ఉప్పు నీళ్లు పోస్తున్నారు. ఉప్పు నీళ్ల బోరు ఎవరిది? పక్కింటి అక్కది. అంతే, లెక్క తేలిపోయింది.

ఆ లెక్క చెప్పింది ఎదురింటి తాతగారు. ఆయన చెడ్డవారు కాదు. కాకపోతే ఏ విషయమైనా అందరికంటే ముందు తేల్చేయాలన్న తొందర ఎక్కువ. వంతెన మీద అందరూ వింటుండగా అన్నారు.

"నేను పేరు చెప్పను గానీ, మన వీధిలో ఉప్పు బోరు ఒక్కటే ఉందోయ్."

"పేరు చెప్పకుండా వేలు చూపించారుగా తాతగారూ!" అంది అక్క. "నేను నీళ్లు కలిపితే మీటరులో తెలియదా? రోజూ మావయ్య మీటరు వేసి చూస్తున్నాడుగా!"

కోవా మావయ్య దగ్గర పాలలో వేసి చూసే గాజు మీటరు ఉండేది. పాలు చిక్కగా ఉంటే తేలుతుంది, నీళ్లు కలిస్తే మునుగుతుంది. అక్క పాలలో అది ఎప్పుడూ బాగానే తేలింది. కానీ తాతగారు దానికీ జవాబు సిద్ధం చేసుకునే ఉన్నారు.

"మంచినీళ్లు కలిపితే మునుగుతుందమ్మాయ్. ఉప్పు నీళ్లు కలిపితే మీటరు కూడా మోసపోతుంది. సముద్రంలో మనిషి తేలడా?"

అది విని అందరూ తలలూపారు. నేను కూడా ఊపే ఉంటాను, ఎందుకంటే ఆ మాట నిజమే. ఉప్పు నీళ్లలో వస్తువులు తేలికగా తేలుతాయని మంగినపూడి సముద్రానికి వెళ్లినప్పుడు నేను కూడా చూశాను. చాలా ఏళ్ల తర్వాత, లెక్కలతో బతకడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది. ఆ రోజు తాతగారు చెప్పిన ప్రతి మాటా విడివిడిగా నిజమే. కోవా ఉప్పగా ఉండడం నిజం, బోరు ఉప్పగా ఉండడం నిజం, మీటరు మోసపోవడం నిజం. మూడు నిజాలను వరుసలో పేర్చి చివర ఒక అబద్ధాన్ని కూర్చోబెట్టారు. తాను కలపలేదని అక్క ఎలా చూపించగలదు? చేయని పనికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

కోవా మావయ్య మెత్తనివాడు. ఎవరినీ ఏమీ అనలేక, "చూడమ్మా, ఆదివారం దాకా చూస్తాను. ఆ రోజు గుడికి జనం ఎక్కువ. అప్పటికీ ఇలాగే ఉంటే నీ పాలు తీసుకోలేను, ఏమీ అనుకోకు" అన్నాడు. ఆయన తీసుకోకపోతే ఊళ్లో మరెవరూ తీసుకోరు. నీళ్లు కలిపిందన్న పేరు పడిన ఇంటి పాలు ఎవరు పోయించుకుంటారు? ఆ మర్నాడే పశువుల బేరగాడు అక్క పాక ముందు నిలబడి గేదెను చుట్టూ తిరిగి చూసి వెళ్లాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఇలాంటి వార్తలు వాళ్లకు గాలిలో అందుతాయనుకుంటాను.

సరిగ్గా ఆ వారంలోనే పశువుల డాక్టరుగారు గాలికుంటు టీకాలు వేయడానికి మా ఊరు వచ్చారు. వయసులో చిన్నవాడు, ఓపిక ఉన్న మనిషి. గేదెలన్నిటినీ వంతెన దగ్గరికి తోలుకొచ్చారు. టీకాలు అయ్యాక అక్క ఆయన ముందుకు వెళ్లి, "నా గేదెకు ఏవైనా జబ్బుందేమో చూడండి డాక్టరుగారూ. పాలు ఉప్పగా ఉన్నాయంటున్నారు" అని అడిగింది. ఆమె ఆ రోజు పొద్దున కావాలనే పాలు తీయకుండా గేదెను అలాగే తోలుకొచ్చింది.

డాక్టరుగారు సంచిలోంచి నాలుగు గుంటలున్న ఒక పళ్లెం తీశారు. పొదుగుకు నాలుగు చన్నులు కదా, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి కొంచెం పాలు పితికారు. సీసాలోంచి ఏదో మందు నీళ్లు అంతే కొలతగా పోసి పళ్లాన్ని గుండ్రంగా తిప్పారు. నాలుగింటిలోనూ పాలు పలచగా గలగలా తిరిగాయి.

"చాలా మంచి గేదెమ్మా. లోపల జబ్బేమీ లేదు" అన్నారు.

అక్క ముఖం వెలిగింది. కానీ ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. వెనక నుంచి తాతగారు, "విన్నారుగా! గేదెకు జబ్బు లేదట. అయితే ఇక మిగిలింది నీళ్లేగా!" అన్నారు. ఎవరో నవ్వారు. నిందను పోగొట్టుకుందామని చేయించిన పరీక్షే దాన్ని ఇంకా గట్టిగా బిగించింది. అక్క గేదెను తోలుకుని వెళ్లిపోయింది. వెళ్తూ మావైపు కూడా చూడలేదు.

డాక్టరుగారు మిగతా రెండు గేదెలను కూడా చూస్తానన్నారు. తాతగారు, "మా దానికేం, పిడుగులా ఉంది" అని పంపించేశారు. నాయనమ్మ చుక్కగేదె వీపు మీద చెయ్యి వేసి, "దీన్ని చూడండి బాబూ, ఎలా నిగనిగలాడుతోందో. మేత మానలేదు, జ్వరం లేదు, పొదుగు మెత్తగా ఉంది. దీనికి జబ్బేమిటి?" అంది. పైగా అప్పటికే దాని పాలన్నీ తీసేశాం.

ఆయన నవ్వి చెప్పిన మాటలు నాకు ఈనాటికీ జ్ఞాపకం. పొదుగువాపు రెండు రకాలట. ఒకటి వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే తన్నేది. అది ఎవరికైనా తెలుస్తుంది. రెండోది కంటికి కనపడని క్రిములు చన్నులోకి చేరి చప్పుడు చేయకుండా లోపలే ఉండేది. గేదె తింటుంది, నెమరేస్తుంది, పాలిస్తుంది, మెరుస్తుంది. పాల రుచి మాత్రం కొద్దికొద్దిగా ఉప్పుకు తిరుగుతుంది. "అందుకే మంచి గేదెనే ముందు చూసుకోవాలమ్మా. దాన్ని ఎవరూ అనుమానించరు కదా" అన్నారు. తన దగ్గరున్న మందు లేకపోయినా ఇంట్లో బట్టల సబ్బుపొడి కలిపిన నీళ్లతో చూసుకోవచ్చని, జబ్బు పాలైతే జిగురులా ముద్ద కడతాయని, ఒక్కో చన్నుదీ విడిగా చూడాలని చెప్పి వెళ్లిపోయారు.

నాయనమ్మ ఇంటికి వచ్చి గేదెను పాకలో కట్టేసింది. చుక్కగేదెకు జబ్బంటే ఆమెకు నచ్చని మాట. కానీ సాయంత్రం పాలు తీసే వేళకు ఆమె కళ్లు ఒక చోట ఆగిపోయాయి.

మా వైపు పాలు తీసే ముందు దూడను వదులుతాం. దూడ కాసేపు కుడిస్తే గేదె చేపుతుంది, చన్నుల్లోకి పాలు దిగుతాయి, అప్పుడు దూడను పక్కకు కట్టి పాలు తీస్తాం. మొదటి ధారలు ఎప్పుడూ దూడకే. అది దానికి న్యాయం అని మా వాళ్ల నమ్మకం, నాకూ అదే నమ్మకం. కాకపోతే పాలలో ఏదైనా తేడా ఉంటే ముందుగా కనపడేది ఆ మొదటి ధారల్లోనే. అవి దూడ కడుపులోకి పోతే మనిషి కంటికి ఎలా ఆనతాయి? ఆ తర్వాత నాలుగు చన్నుల పాలూ ఒకే చెంబులో పడతాయి, మూడిళ్ల చెంబులూ ఒకే క్యానులో పడతాయి. ఎక్కడికక్కడ కలిసిపోవడమే గానీ విడిపోవడం లేదు.

ఆ సాయంత్రం దూడ మూడు చన్నులు కుడిచి, వెనక కుడివైపు చన్నును నోట పట్టి వదిలేసింది. మళ్లీ పట్టి మళ్లీ వదిలేసి మొదటిదానికే వెళ్లింది. నాయనమ్మ దాన్ని చూసి నాతో, "అమ్మడూ, లోపలికెళ్లి చుట్టాల సాసర్లు పట్టుకురా" అంది.

మా ఇంట్లో నాలుగు పింగాణీ సాసర్లు ఉండేవి, అంచుకు నీలం గీత ఉన్నవి. అల్లుళ్లు, వియ్యంకులు వచ్చినప్పుడు తప్ప అవి బీరువా దిగేవి కావు. నేను ఎవరొచ్చారా అని వీధి వైపు చూశాను. ఎవరూ లేరు.

"ఎవరికే నాయనమ్మా?"

"గేదెకు. పడేశావంటే నీ వీపు పగుల్తుంది."

ఆమె గ్లాసు నీళ్లలో చెంచాడు సబ్బుపొడి కలిపింది. కొలతకు, మా ఇంట్లో పుట్టిన పిల్లలందరికీ ఉగ్గు పోసిన ఉగ్గుగిన్నె తెచ్చుకుంది. ఒక్కో సాసరులో ఒక్కో చన్ను పాలు ఒక ఉగ్గుగిన్నెడు, సబ్బు నీళ్లు ఒక ఉగ్గుగిన్నెడు. తర్వాత సాసర్లను ఒక్కొక్కటిగా చేతిలో తిప్పింది. మొదటిది పలచగా తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది తిరగలేదు. కోడిగుడ్డు తెల్లసొనలా ఒక దగ్గరికి చేరి, సాసరు వంచితే ముద్దగా జారింది.

నేను అది చూసి ఏదో అనబోయాను. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ తర్వాత ఆమె చేసిన పనిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. ఏ బడిలోనూ చదువుకోని మనిషి. నాలుగు సాసర్లూ బావి దగ్గర శుభ్రంగా కడిగించింది. "సాసరుదే తప్పేమో" అంది. ఈసారి నాలుగో చన్ను పాలు మొదటి సాసరులో, మొదటి చన్నువి నాలుగో సాసరులో పట్టింది. మళ్లీ సబ్బు నీళ్లు, మళ్లీ తిప్పడం. ముద్ద ఈసారి మొదటి సాసరులోకి వచ్చింది. వెనక కుడివైపు చన్ను ఎక్కడికి వెళితే ముద్ద అక్కడికి వెళ్లింది. అప్పుడు సాసరును కింద పెట్టి, చుక్కగేదె పక్కన అలాగే చతికిలబడి కూర్చుంది. దాని పొదుగు మీద చెయ్యి వేసి, "నాకు చెప్పలేదేమే" అంది మెల్లగా.

మూడు గేదెలు, పన్నెండు చన్నులు. పన్నెండింటిలో ఒకటి చెడింది. కానీ అది అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే, అందరూ మెచ్చుకునే గేదెది. ఆ ఒక్కటి కోవా కళాయి దాకా వెళ్లి, అక్కడి నుంచి తిరిగివచ్చి పక్కింటి అక్క గుమ్మం ముందు నిలబడింది.

మా నాన్న పొలం నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. ఆయనది ఇంటి చింత. "డాక్టరుగారిని పిలిపించి మందు వేయిద్దాం. తగ్గేదాకా ఆ చన్ను పాలు పారబోద్దాం. కోవాలో ఉప్పు దానంతటదే పోతుంది. ఇక ఊళ్లో చెప్పడం దేనికమ్మా? ఎవరూ చూడలేదుగా" అన్నాడు.

నిజానికి అలా చేసినా కోవా బాగుపడేది. కానీ ఎప్పుడు? మావయ్య అక్క పాలు తీసుకోవడం మానేశాకే అయితే, "చూశారా, ఆమె పాలు మానెయ్యగానే ఉప్పు పోయింది" అని తాతగారు అనేవారు. ఆ మాట ఆమెకు జన్మంతా అంటుకుని ఉండేది. నాయనమ్మ ఇవేవీ చెప్పలేదు.

"ఎవరూ చూడలేదంటావేంట్రా? నేను చూశాగా. ఇదిగో, ఈ పిల్ల చూసిందిగా" అంది.

నాన్న నావైపు చూశాడు. కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నాయనమ్మ పక్కింటికి వెళ్లి అక్క గేదె పాలు ఒక చిన్న చెంబులో తెచ్చుకుంది. ఎందుకని అక్క అడిగితే, "వంతెన దగ్గరికి రా, చెబుతాను" అంది. మా గేదె చెడ్డ చన్ను పాలు ఇంకో చెంబులో పట్టింది. రెండు చెంబులు, రెండు సాసర్లు, సబ్బు నీళ్లు, ఉగ్గుగిన్నె. సాసర్లు మోసే పని నాది. వాటిని గుండెకు ఆనించుకుని ఆమె వెనకే నడిచాను.

వంతెన మీద కోవా మావయ్య సైకిల్ నిలిపి ఉన్నాడు. తాతగారు, ఇంకొందరు ఉన్నారు. అక్క కొంచెం ఎడంగా నిలబడింది. నాయనమ్మ సాసర్లను వంతెన గోడ మీద పెట్టి, ఎవరికీ ఏదీ చెప్పకుండా రెండింటిలోనూ పాలు పోసింది.

"ఇందులో ఒకటి మా ఇంటి పాలు, ఒకటి ఈ అమ్మాయివి. ఏవి ఎవరివో పోల్చండి చూద్దాం" అని సబ్బు నీళ్లు పోసి తిప్పింది. ఒకదానిలో పాలు పలచగా తిరిగాయి. రెండోదానిలో ముద్ద కట్టాయి.

తాతగారు వంగి కూడా చూడలేదు. "ఇదీ ఒక పందెమేనా వదినగారూ! ముద్ద కట్టింది ఆ పిల్లదే. మీ చుక్కగేదె పాల సంగతి ఊరంతటికీ తెలుసు."

"నువ్వేమంటావోయ్?" అని నాయనమ్మ కోవా మావయ్యను అడిగింది.

"తాతగారన్నదే నా మాట కూడానండీ" అన్నాడు ఆయన, అక్క వైపు చూడకుండా.

"అయితే నాదొక సందేహం. నిన్న ఇక్కడే, మీ అందరి ముందూ డాక్టరుగారు ఈ పిల్ల గేదెను నాలుగు గుంటల్లో చూశాడు. నాలుగూ పలచగా తిరిగాయి. మీరంతా చూశారు. నిన్న బాగున్న పాలు ఇవాళ్టికి ఇలా ఎలా అయ్యాయంటారు?"

నిన్న తమ కళ్లతో చూసిందాన్ని వాళ్లందరూ మరిచిపోయారు. ముందే ఒక మాట అనుకుని కూర్చున్నారు కాబట్టి, కంటి ముందున్న ముద్దను తీసుకెళ్లి ఆ మాట పక్కన పెట్టారు, అంతే. తాతగారు ఇప్పుడు వంగి సాసరులోకి చూశారు.

"ఇది మా చుక్కగేదెది. వెనక కుడివైపు చన్ను" అంది నాయనమ్మ. గొంతు తగ్గించలేదు, తల దించలేదు. "ఉప్పు మా ఇంటి నుంచే వచ్చింది. ఈ పిల్ల చుక్క నీరు కలపలేదు. ఇవాళ్టి నుంచి డాక్టరుగారు సరేననేదాకా మా పాలు క్యానులో పొయ్యను. నువ్వు ఈ పిల్ల పాలు, తాతగారి పాలు పట్టుకెళ్లి కోవా చెయ్యి. ఆదివారం దాకా ఎందుకు, రేపే తెలుస్తుంది."

క్యాను ఆ రోజు సగమే నిండింది. మా ఇంటి గిన్నె ఖాళీగా తిరిగి వచ్చింది. దారి పొడుగునా నాయనమ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచింది. ఆ చెయ్యి బరువు నాకు ఎందుకో పండగలా అనిపించింది. ఎవరైనా ఎదురైతే బాగుండునని, మా నాయనమ్మను చూస్తే బాగుండునని కోరుకుంటూ నడిచాను.

మర్నాడు కోవా మావయ్య పాల కోసం వచ్చినప్పుడు ఆకులో చుట్టిన కోవా తెచ్చాడు. మొదటి ముక్క అక్కకే ఇచ్చి, "తప్పయిపోయిందమ్మా, ముందు నువ్వే తిను" అన్నాడు. అక్క ఆ ముక్కను తినలేదు. నేరుగా తాతగారి దగ్గరికి తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

"తినండి తాతగారూ. ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి."

వంతెన అంతా ఘొల్లుమంది. తాతగారు ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా చప్పరించి, "లేదమ్మాయ్, చప్పగా ఉంది. కాస్త వెయ్యాల్సింది" అన్నారు. అక్క కూడా నవ్వేసింది. ఆయనను ఆమె అంత తొందరగా క్షమించడం నాకు నచ్చలేదు గానీ, ఆ మధ్యాహ్నమే ఆయన బేరగాడిని వీధి మొదట్లోనే ఆపి వెనక్కి తిప్పి పంపారని తర్వాత తెలిసింది.

డాక్టరుగారు వచ్చి చుక్కగేదె చన్నులోకి మందు ఎక్కించారు. మంచి చన్నులు ముందు పితకాలని, చెడ్డది చివర పితికి ఆ పాలు పాకకు దూరంగా పారబోయాలని, చేతులు కడుక్కోకుండా ఇంకో గేదెను ముట్టకూడదని చెప్పారు. నాయనమ్మ అన్నీ తు.చ. తప్పకుండా చేసింది. రోజూ సాసర్లు తిరిగేవి. ముద్ద కొద్దికొద్దిగా పలచబడి, ఒక రోజు నాలుగు సాసర్లూ ఒకేలా తిరిగాయి. ఆ రోజు మా గిన్నె మళ్లీ వంతెనకెక్కింది. కోవా మావయ్య మూత తీసి పాత మాటే అన్నాడు. నాయనమ్మ మాత్రం, "పొగడకు, ముందు సాసరు చూడు" అంది.

అప్పటి నుంచి అది మా వీధి అలవాటైంది. మొదటి ధార దూడకు ఇచ్చే ముందే సాసరులో పట్టి చూడడం, నెలకు రెండుసార్లు మూడిళ్ల గేదెలకూ సబ్బు నీళ్ల పరీక్ష. వరుస ఎప్పుడూ మా చుక్కగేదెతోనే మొదలయ్యేది. అలా అని నాయనమ్మ పట్టు. మన ఇంటిది చూశాకే ఇంకొకరి పాకలో అడుగుపెట్టాలి. ఆ తర్వాత ఏ ఇంటికి ముందు వెళ్లినా ఒకటే అనేది. తాతగారు తన గేదెను చూసేటప్పుడు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అక్క ఆ సాసర్లు తిప్పడంలో మా అందరికంటే నేర్పరి అయింది. తర్వాత రోజుల్లో పక్క ఊళ్ల వాళ్లు కూడా ఆమెను పిలిచేవారు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు నాకు నేనుగా నేర్చుకున్నాను. ఇప్పుడు గుడివాడ దగ్గర ఒక పాల సేకరణ కేంద్రంలో పాల నాణ్యత లెక్కలు చూస్తున్నాను. ఈ రోజుల్లో యంత్రాలున్నాయి. క్యానులోంచి చెంచాడు పాలు పెడితే పొదుగు జబ్బు ఉందో లేదో అంకెల్లో చెప్పేస్తాయి. కానీ యంత్రం క్యాను సంగతి చెబుతుంది గానీ, అది ఏ ఇంటి నుంచి, ఏ చన్ను నుంచి వచ్చిందో చెప్పదు. అంకె పెరిగిన రోజున మా కేంద్రంలో పిల్లలు వెంటనే ఒక పేరు చెప్పేస్తారు. ఆ పేరు ఎప్పుడూ ఊరి చివర ఇంటిదో, కొత్తగా వచ్చినవాళ్లదో, ఎదురుచెప్పలేని వాళ్లదో అయి ఉంటుంది. "అది వాళ్లదేనండీ, ఇంకెవరిది!" అంటారు.

నేను పరీక్ష సామాను ఉన్న సంచి భుజాన వేసుకుని లేస్తాను. మొత్తం కూడిన అంకెలో మంచీ చెడూ రెండూ దాక్కుంటాయి. వాటిని మళ్లీ విడదీస్తేనే ఏది ఏదో తెలుస్తుంది. ఇల్లు విడిగా, గేదె విడిగా, చన్ను విడిగా. నాకూ ఒక గేదె ఉంది, దాని పాలు కూడా ఆ క్యానులోకే వెళ్తాయి. ఆ పరీక్ష ఎప్పుడూ దానితోనే మొదలుపెడతాను, అందరినీ పిలిచి, అందరి ముందూ. ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా ఎవరూ ముఖం ముడుచుకోరు.

నాలుగు సాసర్లలో మూడు ఏళ్ల తరబడి పాకల చుట్టూ తిరిగి పగిలిపోయాయి. ఒకటి నా దగ్గర మిగిలింది, నీలం గీత చాలావరకు చెరిగిపోయింది. మా ఇంటికి వచ్చినవాళ్లు అల్మారాలో దాన్ని చూసి, "పాతకాలం పింగాణీ, ఎంత బాగుందో! దీంట్లో టీ పొయ్యకూడదా?" అని అడుగుతుంటారు.

"కుదరదండీ, అది మా చుక్కగేదెది" అంటాను.